మూఢంలో మా లాప్‌టాప్‌కి డ్యూయల్ బూట్: నా అనుభవం

మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. తెనాలిలో నాన్న నడిపే డీటీపీ షాపుకీ అదే, నేను నేర్చుకుంటున్న లైనక్స్ కోర్సుకీ అదే. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. షట్టర్ దించాక నా వంతు. పేజ్‌మేకర్, అను రెండూ విండోస్‌లో నడిచేవే కాబట్టి విండోస్ తీసేసే ప్రశ్నే లేదు. ఇంకో లాప్‌టాప్ కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. అందుకని ఉన్నదాన్లోనే విండోస్ 11 పక్కన ఉబుంటు 24.04 అనే లైనక్స్ రకాన్ని వేసుకోవాలనుకున్నాను, ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది తెరుచుకునేలా. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. వేసుకున్నాను, రెండూ బాగానే నడుస్తున్నాయి. కానీ నేను చూసిన వీడియోలన్నీ ఇన్‌స్టాల్ చేసే అరగంటనే చూపించాయి. నాకు అసలు పనంతా దానికి ముందే, విండోస్ లోపలే ఉంది. అదే వివరంగా రాస్తున్నాను.

ముందు తేలిక దారులు చూడకపోలేదు. విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు డెస్క్‌టాప్ వేశాను. మాది 8 జీబీ ర్యామ్. అందులో సగం ఉబుంటుకి ఇస్తే రెండూ నత్తనడకే. ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినపడేది. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ కూడా వాడాను. కమాండ్లు, షెల్ స్క్రిప్టులు నేర్చుకోవడానికి అది బాగుంది, చాలామందికి అది చాలు కూడా. మా కోర్సులో మాత్రం డిస్క్ పార్టిషన్లు (డిస్క్‌ని భాగాలుగా విడగొట్టడం), బూట్ అయ్యే విధానం, డ్రైవర్లు ఉన్నాయి. అవి అసలు మెషీన్ మీద చేస్తేనే చేతికి వస్తాయి.

బజార్లో ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగితే 1500 రూపాయలన్నారు. మొత్తం ఫార్మాట్ చేసి రెండూ కొత్తగా వేసిస్తారట, డేటాకి గ్యారంటీ లేదట. ఆ మాట వినగానే నాన్న అక్కడినుంచి లేచొచ్చేశారు. మా షాపులో పాత ఫైళ్లే ఆస్తి. పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డు మ్యాటర్‌నే పేర్లూ ముహూర్తమూ మార్చి చిన్నమ్మాయికీ వేయమని వస్తారు. పదేళ్ల కిందటి ఫైలు కూడా నిమిషంలో తీసి చూపిస్తారు కాబట్టే వాళ్లు మా దగ్గరికి వస్తారు. "చేసుకో తల్లీ, కానీ ఒక్క ఫైలు కూడా పోకూడదు" అన్నారు నాన్న. ఆ ఒక్క మాటతో నాకు టెన్షన్ మొదలైంది.

సమయం మాత్రం కలిసొచ్చింది. నవంబర్ ఆఖర్లో మూఢం వచ్చింది. ఫిబ్రవరి దాకా ముహూర్తాలు లేవు, కార్డుల పని దాదాపు ఆగిపోయింది. ఒకరోజు లాప్‌టాప్ లేవకపోయినా షాపు మునిగిపోదు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు, ఆ మెషీన్ మీద ఆధారపడిన పని తక్కువ ఉండే రోజులు చూసుకోండి. దానివల్ల నాకు మనసు కాస్త నిలకడగా ఉంది.

నవంబర్ 29, శనివారం. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాం, అయిదు వేల పైచిలుకు అయింది. ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద ఖర్చు ఇదే. షాపుకి ఎప్పుడో కొనాల్సింది కాబట్టి నాన్నకి అది బరువనిపించలేదు. కాపీ పెట్టి పడుకుందామనుకుంటే, మొదట గంటన్నర అని చూపించిన టైమ్ కాస్తా అయిదు గంటలకి పోయింది. సినిమాల్లాంటి పెద్ద ఫైళ్లు త్వరగా కాపీ అవుతాయి. చిన్న చిన్న పేజ్‌మేకర్ ఫైళ్లు, క్లిప్ ఆర్ట్ బొమ్మలు వేలల్లో ఉంటే అలా కాదు, మొత్తం సైజు తక్కువే అయినా చాలాసేపు పడుతుంది. తెల్లవారాక చూస్తే అయిపోయింది. ఫైళ్లతోపాటు ఫాంట్ల ఫోల్డరూ, అను, ప్రింటర్ డ్రైవర్ల ఇన్‌స్టాలర్లూ విడిగా కాపీ చేశాను. ఎందుకంటే పేజ్‌మేకర్ ఫైలు ఉన్నా ఫాంట్ లేకపోతే తెరిచాక తెలుగు బదులు ఏవేవో గుర్తులు కనిపిస్తాయి.

ఆదివారం పొద్దున నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, హార్డ్ డిస్క్‌లోంచే ఫైళ్లు తెరవమన్నారు. ఆయన ఏదో ఒక ఊరి పేరు, ఇంటి పేరు చెప్పడం, నేను వెతికి తెరవడం. అన్నీ తెరుచుకున్నాయి. కాపీ అయిందని చూసి ఊరుకోకుండా ఇలా తెరిచి చూడటం మంచి పనైంది. ఆ తర్వాత ఆయన ముఖంలో భయం తగ్గింది.

ఉబుంటు వేయడానికి కావాల్సిన ఐఎస్ఓ ఫైలు 6 జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. నా ఫోన్‌లో రోజుకి 2 జీబీ ప్యాక్. హాట్‌స్పాట్ పెట్టి దింపుకునే పని కాదని పైవాటా అత్తయ్యగారి ఇంట్లో వైఫై అడిగాను. వాళ్ల ఫైబర్ మీద పావుగంటలో వచ్చేసింది. దింపుకున్నాక ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో చూసే ఎస్‌హెచ్ఏ256 చెక్‌సమ్ పోల్చాను. విండోస్‌లో అందుకు సెర్ట్‌యుటిల్ అనే కమాండ్ ముందే ఉంటుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 32 జీబీ పెన్‌డ్రైవ్ నాలుగొందల లోపే దొరికింది. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని బూటబుల్ చేశాను, అంటే లాప్‌టాప్ దాన్నుంచే లేచేలా. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్‌ఐ అని ఎంచుకున్నాను. నెమ్మదిగా నడిచే యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్ కావడంతో రాయడానికే ఇరవై నిమిషాలు పట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి.

ఇక అసలు కథ. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కిందికి వెళ్తే డిస్క్‌లోని డేటాకి తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది. మేమెప్పుడూ పెట్టలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా లాప్‌టాప్‌లలో అది దానంతట అదే ఆన్ అవుతుంది. లోపల నడిచేది విండోస్ వాళ్ల బిట్‌లాకర్ అనే తాళమే. ఇది ఆన్‌లో ఉండగా బయాస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో) బూట్‌కి సంబంధించిన సెట్టింగులు మారిస్తే, తర్వాత విండోస్ లేచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే ఆ డిస్క్‌లోని డేటా ఎవరికీ తెరుచుకోదు. ఉబుంటు ఇన్‌స్టాలర్ కూడా బిట్‌లాకర్ కనపడితే ముందు దాన్ని ఆపి రమ్మంటుంది.

ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుందని అన్నిచోట్లా రాశారు. ఏ అకౌంట్? 2022లో లాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లే సెటప్ చేసి ఇచ్చారు. నాన్న పేరుతో వాళ్లు తయారుచేసిన ఒక మెయిల్ ఐడీ కనిపించింది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు, రోజూ వాడేది నాలుగంకెల పిన్నే. ఓటీపీ వెళ్లేది నాన్న ఎప్పుడో వదిలేసిన సిమ్‌కి. ఆ నంబర్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఆలోచన రాకపోయినా, ఎప్పుడో ఒక బయాస్ అప్‌డేట్ వచ్చి ఈ కీ అడిగుంటే షాపు మొత్తం తాళం పడేదని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

దారి దొరికింది. విండోస్ తెరుచుకుని ఉన్నంతవరకు, ఆ అకౌంట్‌తో పని లేకుండానే కీని చూడొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మేనేజ్-బీడీఈ అనే కమాండ్‌కి ప్రొటెక్టర్స్, గెట్ అనే ఆప్షన్లు ఇచ్చి, సీ డ్రైవ్ పేరు రాస్తే న్యూమరికల్ పాస్‌వర్డ్ అని ఎనిమిది గుంపులుగా, గుంపుకి ఆరేసి అంకెలు కనిపిస్తాయి. నేను చదువుతుంటే నాన్న ఒక శాంపిల్ కార్డు వెనక రాశారు. తర్వాత ఆయన చదువుతుంటే నేను స్క్రీన్ మీద వేలు పెట్టి సరిచూశాను. ఒక గుంపులో 6ని నేను 8గా విన్నాను, మళ్లీ చదివించుకున్నాను. ఆ కార్డు ఇప్పుడు బీరువాలో ఇంటి కాగితాల మధ్య ఉంది.

కీ చేతికొచ్చాకే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేశాను. డీక్రిప్ట్ కావడానికి గంట పైనే పట్టింది. ఈలోపు మెషీన్‌లో మామూలుగా పని చేసుకోవచ్చు, ఛార్జర్ మాత్రం పెట్టి ఉంచాను. అదే ఊపులో ఇంకో పని కూడా చేశాను. ఇంటర్నెట్ అకౌంట్‌తో సంబంధం లేని ఒక లోకల్ అడ్మిన్ యూజర్‌ని పాస్‌వర్డ్‌తో తయారుచేసి పెట్టుకున్నాను. అది ఎంత ఆదుకుందో తర్వాత చెప్తాను.

తర్వాత జాగా చేయడం. మా ఎస్ఎస్‌డీ 512 జీబీ, విండోస్‌లో 476గా చూపిస్తుంది. సీ డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీ ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ వాల్యూమ్ నొక్కితే 18 జీబీ మాత్రమే తగ్గించగలనంది. ఖాళీ కనపడుతూ ఉండి కూడా ఇవ్వకపోవడానికి కారణం, కదపడానికి వీల్లేని ఫైళ్లు కొన్ని డ్రైవ్ చివర్లో కూర్చుని ఉంటాయి. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు లాంటివి. హైబర్నేషన్‌ని ఆపేశాను, పేజ్ ఫైలు తాత్కాలికంగా తీసేశాను, రీస్టోర్ పాయింట్లు తయారుచేసే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్ చేశాను. ఒకసారి రీస్టార్ట్ చేసి చూస్తే 120 జీబీ దాకా ఇచ్చింది. నేను 100 తీసుకున్నాను. అక్కడ ఎంబీలలో రాయాలి, కాబట్టి 102400. తగ్గించడం పది నిమిషాల్లో అయిపోయింది, నల్లటి గీతతో అన్‌అలొకేటెడ్ అని కనిపించింది. దాన్ని అలాగే వదిలేయాలి, విండోస్‌లో ఫార్మాట్ చేయకూడదు. పేజ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేశాను. హైబర్నేషన్‌ని ఆఫ్‌లోనే ఉంచాను. అది ఆగితే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు ఉబుంటులోంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడానికే తప్ప రాయడానికి కుదరకపోవచ్చు.

డిసెంబర్ 6, శనివారం రాత్రి పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. బూట్ మెనూకి మాకు ఎఫ్12. కొన్నింటికి ఎఫ్9, ఎస్కేప్ కూడా ఉంటాయి. ఉబుంటు ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూసే వీలుంది, అది తప్పకుండా వాడుకోండి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, వెలుతురు పెంచే మీటలు అన్నీ అక్కడే సరిచూసుకున్నాను. అన్నీ పనిచేశాయి. ఎంతో సంతోషంగా ఇన్‌స్టాల్ నొక్కితే, ఆర్ఎస్‌టీ (డిస్క్‌ని నడిపే ఇంటెల్ పద్ధతి) ఆన్‌లో ఉంది, ఆఫ్ చేసి రండి అని ఆగిపోయింది. మా ఎస్ఎస్‌డీ అక్కడ కనపడనే లేదు.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్, ఆ తర్వాతివి ఉన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి వీఎండీ అనే బయాస్ సెట్టింగ్ ఆన్ చేసి పంపుతారు, ఆర్ఎస్‌టీ నడిచేది దానిమీదే. దాన్ని ఆపాలి. కానీ నేరుగా వెళ్లి ఆపేస్తే విండోస్ తన డిస్క్‌ని తాను గుర్తుపట్టలేక నీలం తెరతో ఆగిపోతుంది. కాబట్టి ముందు విండోస్‌లోకి వచ్చి, ఎంఎస్‌కాన్ఫిగ్ అనే టూల్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ కొట్టి, మధ్యలో బయాస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపాలి. అప్పుడు విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి, మామూలు డ్రైవర్‌ని తగిలించుకుంటుంది. ఆ తర్వాత టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే సరి.

చదవడానికి ఇంతే. బయాస్‌లోకి వెళ్తే ఆ ఆప్షనే లేదు. మెయిన్, అడ్వాన్స్‌డ్, సెక్యూరిటీ, బూట్, అన్ని పేజీలూ వెతికాను. రాత్రి పదకొండు దాటింది. ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, కొన్ని మోడళ్లలో ఆ వరస దాచి ఉంచుతారు. మెయిన్ పేజీలో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. నొక్కాను. అప్పటిదాకా లేని వీఎండీ కంట్రోలర్ అనే వరస ప్రత్యక్షమైంది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఇన్‌స్టాల్ పూర్తయినప్పుడు కూడా కలగలేదు.

దాన్ని డిసేబుల్ చేసి, ఎఫ్10 కొట్టి బయటికొచ్చాను. సేఫ్ మోడ్‌లో విండోస్ లేచింది. లాగిన్ దగ్గర రోజూ కొట్టే పిన్ పనిచేయలేదు, పిన్ అందుబాటులో లేదంది. పాస్‌వర్డ్ కావాలంది. నాన్న అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదని ముందే చెప్పాను కదా. లోకల్ అడ్మిన్ యూజర్ అక్కడే అక్కరకొచ్చింది. దానితో లోపలికి వెళ్లి సేఫ్ బూట్ టిక్ తీసేశాను. రీస్టార్ట్ చేస్తే విండోస్ ఎప్పట్లాగే లేచింది, పిన్ తీసుకుంది, పేజ్‌మేకర్ తెరుచుకుంది. అప్పటికి ఒంటిగంట. ఇన్‌స్టాల్ ఇంకా మొదలే కాలేదు. కానీ ప్రమాదం ఉన్న భాగం దాటేశానని నాకు నమ్మకం కుదిరింది, హాయిగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. ఇంటర్నెట్ కలపలేదు, అప్‌డేట్లు తర్వాత చేసుకోవచ్చని. ఈసారి డిస్క్ కనిపించింది. ఎలా ఇన్‌స్టాల్ చేయాలి అన్న పేజీలో మూడు దార్లుంటాయి. విండోస్ పక్కన వేయడం, డిస్క్ మొత్తం చెరిపేయడం, మనమే పార్టిషన్లు ఎంచుకోవడం. చెరిపేసే ఆప్షన్ మిగతావాటి పక్కనే, అదే సైజులో ఉంటుంది. మౌస్ అటు పోతుంటేనే నాన్న "చూసి, చూసి" అన్నారు. నేను మూడోది తీసుకున్నాను, ఏది ఎక్కడికి పోతుందో కళ్లతో చూసుకోవచ్చని. ఖాళీగా ఉన్న 100 జీబీని ఎంచుకుని, లైనక్స్ వాడే ఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ గుర్తు పెట్టాను. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు తనే ఒక ఫైలుగా చేసుకుంటుంది.

చివరి పేజీ మీద ఎక్కువసేపు ఆగాను. ఏయే పార్టిషన్‌ని ఏం చేయబోతోందో అక్కడ జాబితాగా చూపిస్తుంది. ఎన్‌వీఎంఈలో, అంటే మా ఎస్ఎస్‌డీలో, 5వ పార్టిషన్ కొత్తగా తయారై ఎక్స్‌టీ4గా ఫార్మాట్ అవుతుందని ఉంది, అది మనం ఇచ్చిన జాగా. 1వ పార్టిషన్ పేరు కూడా ఉంది, బూట్ ఈఎఫ్‌ఐకి వాడుతుందని. అది విండోస్ బూట్ ఫైళ్లుండే పార్టిషన్. దాన్ని కూడా ఫార్మాట్ చేస్తుందేమోనని ప్రాణం పోయినంత పనైంది. జాగ్రత్తగా చదివితే ఫార్మాట్ అన్న మాట 5వ దాని పక్కనే ఉంది. 1వ దాన్లో ఉబుంటు తన ఫోల్డర్ ఒకటి పెట్టుకుంటుంది, విండోస్ ఫోల్డర్‌ని ముట్టుకోదు. నాన్నకి వేలితో చూపించి, ఇద్దరం ఒప్పుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కాను.

సగంలో ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ నిండా ఉంది కాబట్టి అది తన పాటికి తాను నడుస్తూనే ఉంది. బ్యాటరీ దెబ్బతిన్న లాప్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగొద్దు. పాతిక నిమిషాల్లో అయిపోయింది. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టమంది.

కొట్టాను. నేరుగా విండోస్ వచ్చింది. రెండిట్లో ఏది కావాలని అడిగే మెనూ లేదు. నాన్నేమో "హమ్మయ్య, విండోస్ ఉంది" అన్నారు. నాకు మాత్రం ఉబుంటు ఏమైందో తెలియలేదు. బయాస్‌లో బూట్ వరస చూస్తే ఉబుంటు అనే పేరు ఉంది, విండోస్ బూట్ మేనేజర్ కింద రెండోదిగా. పైకి జరిపాను. మళ్లీ ఆన్ చేస్తే, ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. ఉబుంటు, దాని కింద విండోస్ బూట్ మేనేజర్. రెండిట్లోకీ వెళ్లొచ్చాను. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్నవాటినే లేవనిచ్చే సెట్టింగ్) ఆపాల్సిన అవసరం రాలేదు, ఉబుంటు దాంతోనే లేస్తుంది.

సోమవారం పొద్దున షాపు నుంచి నాన్న ఫోన్. ఆన్ చేస్తే ఏదో వేరే తెర వచ్చిందట. గ్రబ్ పది సెకన్లు ఆగి తనంతట తాను ఉబుంటులోకి పోతుంది. ఆ సాయంత్రమే గ్రబ్ ఫైలులో డిఫాల్ట్‌గా విండోస్ పెట్టి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాను. మెషీన్‌ని ఇద్దరు వాడేవాళ్లు ఈ మార్పు మొదటిరోజే చేసుకోండి. ఇప్పుడు నాన్న ఏమీ నొక్కక్కర్లేదు, నాకు కావాలంటే నేనే పై బాణం నొక్కుతాను.

అదే రోజు ఇంకొకటి. నాన్న కొట్టిన బిల్లు మీద టైమ్ 4:10 అని పడింది. అప్పుడు టైమ్ 9:40. సరిగ్గా అయిదున్నర గంటల తేడా చూడగానే అర్థమైంది. మదర్‌బోర్డు మీది గడియారంలో లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుని చదువుతుంది. రాత్రి నేను ఉబుంటు వాడి ఆపితే పొద్దున నాన్నకి గడియారం వెనక్కి పోతుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇస్తే అదీ లోకల్ టైమే వాడుతుంది. ఆ తర్వాత మళ్లీ తేడా రాలేదు.

వర్చువల్‌బాక్స్‌ని ఈసారి ఉబుంటులో వేసుకున్నాను, డెస్క్‌టాప్ లేని చిన్న సర్వర్ల మీద సాధన చేయడానికి. వేసేటప్పుడు సెక్యూర్ బూట్ కోసం ఒక పాస్‌వర్డ్ పెట్టమంది. రీస్టార్ట్ చేస్తే నీలం తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని వచ్చింది. అది ఎర్రర్ కాదు. ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇచ్చి ముందుకు వెళ్లాలి. కాసేపు ఊరుకుంటే అది దాటిపోతుంది, అప్పుడు వర్చువల్‌బాక్స్ నడవదు.

ఉబుంటులో తెలుగు చదవడానికి ఏమీ చేయక్కర్లేదు, అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. రాయడానికి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకోవాలి, అది ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు కూడా వస్తాయి. నా వేళ్లకి అలవాటైంది యాపిల్ లేఅవుట్, అది దొరకడం పెద్ద ఊరట. సీ డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ ఉబుంటులోంచి కనిపిస్తాయి, కాపీ అవుతాయి. అనులో కొట్టిన మ్యాటర్ మాత్రం అక్కడ తెరిస్తే పిచ్చి గుర్తులే. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షర పద్ధతి) కాదు కాబట్టి ఆ పని విండోస్‌లోనే.

విండోస్ అప్‌డేట్ల గురించి నాకు కొంచెం భయం ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత చాలామంది డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ లేవకుండా పోయింది. అందుకే ఉబుంటు పెన్‌డ్రైవ్‌ని చెరపకుండా అలాగే డ్రాయర్‌లో ఉంచాను. ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేయలేదు. గ్రబ్ మీదుగా విండోస్‌లోకి వెళ్లినప్పుడు రికవరీ కీ అడిగే అవకాశం ఉంది, నాన్నకి ఆ తలనొప్పి వద్దు. కానీ ఎన్‌క్రిప్షన్ లేని లాప్‌టాప్ పోతే అందులోని ఫైళ్లు ఎవరైనా చదవగలరు. షాపుకి జనం ఆధార్ కార్డులు స్కాన్ చేయించుకోవడానికి వస్తారు. ఆ స్కాన్లు ఏ రోజువి ఆ రోజే సాయంత్రం తీసేయాలని ఇద్దరం నియమం పెట్టుకున్నాం. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తున్నాం. అకౌంట్ విషయం కూడా తేల్చాం. ఇప్పుడు విండోస్‌లో నాన్న వాడేది మేమే పెట్టుకున్న పాస్‌వర్డ్ ఉన్న లోకల్ యూజర్. ఫాంట్లు, ప్రింటర్ అన్నీ అందులో సరిచూశాకే మారాం.

మిగిలిపోయింది ప్రింటర్. షాపులో ఉన్న పాత లేజర్ ప్రింటర్‌ని ఉబుంటు గుర్తుపట్టింది కానీ ప్రింట్ ఇస్తే పేజీ రాదు. దాని లైనక్స్ డ్రైవర్ చాలా పాతది, కొత్త ఉబుంటులో సరిగా ఎక్కడం లేదు. సంక్రాంతికి మా అన్నయ్య ఇంటికొస్తున్నాడు, అప్పుడు ఇద్దరం కూర్చుని చూస్తాం. అప్పటిదాకా నా నోట్స్‌ని పీడీఎఫ్ చేసి సీ డ్రైవ్‌లో పెడుతున్నాను, పొద్దున నాన్న విండోస్‌లోంచి ప్రింట్ తీసిస్తున్నారు.